మా నీరటి తాత

మన బ్యాచ్ సంచికకు గురువుల గురించి రాయమన్నారు. మన సార్ల గురించి, టీచర్ల గురించి రాసేవాళ్లు చాలామందే ఉంటారు కాబట్టి నేను మా తాత గురించి రాస్తున్నాను. సాంఘికశాస్త్రం పుస్తకంలో చెరువుల పాఠం ఒక్క పేజీ. ఆ పేజీలో పట్టని సంగతులన్నీ మెదక్ వైపు ఒక ఊళ్లో ఆయన చేతుల మీద నడిచేవి. ఆయన ఆ ఊరి నీరటి.

నీరటి అంటే తూము తెరిచి మూసేవాడని చాలామంది అనుకుంటారు. అది పనిలో చిన్న ముక్క. వానకాలంలో కట్ట కాయాలి, కాల్వల పూడిక తీయించాలి, వంతుల ప్రకారం నీళ్లు పంచాలి, రాత్రిళ్లు ఎవరైనా మడవ తెంపితే పారతో పోయి కట్టాలి. దీనికి నెల జీతం లేదు. కల్లంలో వడ్లు కొలిచేటప్పుడు ప్రతి రైతూ ఆయన మేర, అంటే ఆయన వాటా వడ్లు, పక్కన పోసేవాడు. చివరి పొలం పండకపోతే అక్కడి మేర రాదు. న్యాయంగా పంచడానికి మంచితనం ఒక్కటే కారణం కాదు, కూలి కూడా దాన్నే ఆనుకుని ఉండేది.

నాట్ల కాలంలో ఆయన మొదట కాల్వ చివరి పొలానికి నీళ్లు వదిలేవాడు. తూము దగ్గరివాళ్లు ముందు తడుపుకుంటే ధార సన్నబడి, ఎండిన కాల్వే మిగతా నీళ్లు తాగేస్తుంది, చివరికి చుక్క చేరదు. చివరి నుంచి మొదలుపెడితే కాల్వ పొడవునా ఒకసారి నిండుగా పారి అడుగు నానుతుంది, ఆ తర్వాత అందరికీ త్వరగా అందుతుంది. తూమును కూడా ఒక్కసారిగా ఎత్తేవాడు కాదు. బెత్తెడు ఎత్తి, కాల్వ తడిసి గట్లు గట్టిపడ్డాకే మిగతాది ఎత్తేవాడు. పొడి గట్టు మీద వడిగా వదిలితే అక్కడే తెగుతుంది.

మా రెండెకరాలు తూము కిందే. మా వంతు మాత్రం అన్నిటికన్నా ఆఖరున. బాపమ్మ ఎన్నోసార్లు కోప్పడింది. ఆయన జవాబు ఎప్పుడూ ఒకటే: "మనది కట్ట కింద మడి, ఊటతోనన్నా బతుకుతది. ఆళ్లది చెలక." మాట నిజమే. కట్ట కింది పొలాల్లో ఊట నీరు చాలాకాలం నిలుస్తుంది.

అసలు తగాదాలు యాసంగి తైబందీ దగ్గర. వానకాలం పంట తీశాక చెరువులో మిగిలిన నీళ్లు చూసి ఎన్ని ఎకరాలు నాటాలో నిర్ణయించడమే తైబందీ. తూము రాయి మీద నీళ్లు ఎక్కడున్నాయో చూసేవాడు. సగమే ఉంటే ఎకరం ఉన్నవాడికి ఇరవై గుంటలే వరి, మిగతాది ఆరుతడి పంట లేదా బీడు. ఈ లెక్కలో జాలికి చోటుండేది కాదు. వరికి సుమారు 1,200 మిల్లీమీటర్ల నీరు కావాలంటారు, అంటే ఎకరానికి దాదాపు 48 లక్షల లీటర్లు. అందరూ నిండా నాటితే సరిగ్గా పొట్టదశలో చెరువు ఎండుతుంది. అప్పుడు ఎండిన వరి తాలుగా మారి పశువుల మేతకే పనికొస్తుంది. సగం నాటినవాడు సగం వడ్లయినా ఇంటికి తెచ్చుకుంటాడు.

కట్ట మీద మైసమ్మ గద్దె ఉండేది. చెరువు నిండితే మొదటి కొబ్బరికాయ అక్కడే. సద్దుల బతుకమ్మలు ఆ నీళ్లలోకే, పీర్లు కడిగేదీ ఆ నీళ్లలోనే. తాత గద్దె దగ్గర దీపం పెట్టి, అదే నడకన కట్ట పొడవునా చూసుకుంటూ పోయేవాడు. తల్లి కాపాడుతుందని నమ్మేవాడు. ఆ నమ్మకంతో ఏ రోజూ కట్ట నడక మానలేదు. నాకు తెలిసిన భక్తిలో ఇది చాలా గట్టిది.

ఆ నడకలో చూసేవి నాలుగైదే. పందికొక్కుల బొరియలు. కట్ట మీద మొలిచిన తుమ్మ, వేప మొక్కలు (చెట్టు చచ్చాక దాని వేరు కుళ్లి నీటికి దారి అవుతుంది, అందుకే మొక్కగా ఉన్నప్పుడే పీకాలి). కుంగిన చోట్లు. మత్తడికి (చెరువు నిండాక మిగులు నీళ్లు పొర్లిపోయే చోటు) అడ్డం పడ్డ కంప. అన్నిటికన్నా ముఖ్యం, కట్ట వెనక ఊట. "నీళ్లు తేటగున్నయా, ఎర్రగున్నయా సూడు" అనేవాడు. తేట నీళ్లకు భయం లేదు, ప్రతి మట్టికట్టా కొంత కారుతుంది. ఎర్రగా వస్తే మట్టి కొట్టుకొస్తున్నట్టు, లోపల సొరంగం పడుతున్నట్టు. అలాంటప్పుడు చాలామంది ఊట నోరు మట్టితో మూస్తారు. నీళ్లు పక్కన ఇంకో చోట పుట్టుకొస్తాయి. ఆయన ఊట చుట్టూ ఇసుక బస్తాలు పేర్పించి, లోపల ఇసుక, దాని మీద కంకర పోయించేవాడు. నీళ్లు వెళ్లాలి, మట్టి ఆగాలి. ఈలోగా తూము తెరిచి చెరువు మట్టం దించేవాడు.

మత్తడి విషయంలో మాత్రం ఎవరి మాటా వినేవాడు కాదు. ఇంకొన్ని నీళ్లు ఆగుతాయని కొందరు మత్తడి మీద ఇసుక బస్తాలు వేస్తారు. గట్టి వాన పడితే నీళ్లు కట్ట మీంచి దుంకుతాయి, మట్టికట్ట దాన్ని తట్టుకోదు. పైగా మన చెరువులు గొలుసుకట్టు. పైచెరువు తెగితే ఆ వరదంతా కింది చెరువు మీద పడుతుంది. 1908 సెప్టెంబరులో మూసీ హైదరాబాదును ముంచినప్పుడు ఎగువన చెరువులు తెగడం కూడా ఒక కారణం.

మనలో సగం మందికి ఇప్పుడు ఈ నగరంలోనే ఇళ్లున్నాయి, అందులో కొన్ని ఒకప్పటి శిఖం (చెరువు నీళ్లు నిలిచే భూమి) అంచున. 2020 అక్టోబరు వానల్లో మునిగిన కాలనీలు చూశాం. ప్లాటు కొనబోయే బ్యాచ్‌మేట్లు రిజిస్ట్రేషన్ కాగితాలతో పాటు చెరువు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండితే నీళ్లు చేరే హద్దు) మ్యాపు కూడా చూడండి. నిబంధన ప్రకారం పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఎఫ్‌టీఎల్ అవతల 30 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 9 మీటర్లు బఫర్, అంటే ఇళ్లు కట్టకుండా వదలాల్సిన జాగా. కట్ట వైపు కొంటుంటే మత్తడి ఎక్కడుందో, అది దుంకితే నీళ్లు ఏ దారిన పోతాయో పాతకాపులను అడగండి. ఆ దారి మీద ప్రహరీ గోడ కనిపిస్తే బేరం అక్కడితో ఆపండి.