కుబుసం విడిచే దాకా ఆగాల్సింది

రాయగడలో మా ఇంటి వెనక గదిలో నాలుగేళ్లుగా ఒక టారంటులాను, అంటే ఒళ్లంతా రోమాలుండే పెద్ద సాలీడును, పెంచుతున్నాను. దాని జాతి పేరు గ్రీన్ బాటిల్ బ్లూ, సొంత చోటు వెనిజులాలోని పరగ్వానా ద్వీపకల్పం. కాళ్లు నీలం, పొట్ట నారింజ. విజయనగరంలో మిత్రుడి దగ్గర పుట్టిన పిల్ల, గోరంత ఉన్నప్పుడు తెచ్చుకున్నాను. అడవిలోంచి పట్టిన వాటి జోలికి నేను పోను. మన నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో ఉండే నీలి టారంటులా అంతరించిపోయే దశలో ఉంది. దాని ప్రజాతి మొత్తాన్ని 2019లో సైటిస్ (అడవి జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే ఒప్పందం) రెండో అనుబంధంలో చేర్చారు.

నాది ఆడదని తెలిసింది విడిచిన కుబుసం వల్లే. ముడుచుకున్న పొట్ట చర్మాన్ని సబ్బు చుక్క వేసిన నీళ్లలో నానబెట్టి, మెత్తని కుంచెతో విప్పి చూశాను. లోపలివైపు వీర్యం దాచుకునే చిన్న సంచి కనిపించింది. ఆ సంచి కూడా పాత చర్మంతోనే ఊడివస్తుందన్నమాట. కళ్లారా చూసీ దాని అర్థం పట్టించుకోలేదు.

నవంబరులో మిత్రుడి మగది పెద్దదైంది. చివరి కుబుసం విడిచాక మగవి ఎన్నాళ్లో బతకవు. ఆ భయంతో తొందరపడి జత కలిపాను. అంతా బాగానే జరిగింది. జనవరిలో ఆడది కుబుసం విడిచింది, దాచుకున్న వీర్యమంతా ఆ చర్మంతోనే పోయింది. చాలా బాధపడ్డాను.

కొత్త చర్మం గట్టిపడే దాకా ఆగి, కడుపు నిండా బొద్దింకలు పెట్టి, మార్చిలో మళ్లీ మగదాన్ని తెచ్చాను. మూతకు చిల్లులు పెట్టిన డబ్బాలో, రైల్లో, ఒళ్లో పెట్టుకుని. మేకల్ని పాలుకిచ్చినట్టే మా ఒప్పందం: పిల్లల్లో సగపాలు అతనికి.

ఆ రాత్రే మగది డబ్బా మూలన గుడ్డపేలికలాంటి పలచని గూడు అల్లింది. దాని కింద వెల్లకిలా చేరి ఒక చుక్క వీర్యం వదిలింది. తర్వాత పైకెక్కి, నోటి పక్కనుండే రెండు పొట్టి చేతుల చివరి బుడిపెల్లోకి ఆ చుక్కను పీల్చుకుంది. జత కట్టేది ఆ బుడిపెలతోనే. ఇంతటి ఏర్పాటు చూస్తూ తెల్లవారే దాకా పడుకోలేదు.

మర్నాడు సాయంత్రం దాన్ని ఆడదాని గూటి అంచున వదిలాను. ఆగి, చేతులతో నేలను టకటకా తట్టింది. కాసేపటికి లోపలినుంచి ఆడది కూడా తట్టింది! ఆ చప్పుడు వింటే ఒళ్లు పులకరించింది. ఎదురుపడగానే మగది ముందుకాళ్ల కొక్కేలతో ఆడదాని కోరలను పట్టి ఆపి, పైకెత్తి, పొట్ట కింద ఒక బుడిపె తర్వాత ఒకటి దూర్చింది. రెండు నిమిషాలు పట్టిందేమో. విడదీయాల్సొస్తే అని పొడుగు కుంచె పట్టుకుని నిలబడ్డాను, ఒకటే టెన్షన్. మగది ఒక్క గెంతులో తప్పించుకుంది.

మే నెలలో మొదట చూసింది అమ్మే. “ఒరేయ్, నీ సాలీడు తెల్లటి ఉండ పట్టుకుని కూర్చుందిరా” అంది. గుడ్ల సంచి! నెల రోజులు తల్లి దగ్గరే ఉంచి తీసేశాను. అది విదిలించిన రోమాలు తగిలి దూలగొండి రాసుకున్నట్టు రెండు రోజులు చేతులు మండాయి. విప్పితే అప్పటికే కాళ్లొచ్చిన తెల్లటి పిల్లలు. సన్నని గుడ్డను ఉయ్యాలలా కట్టి, అడుగున కొంచెం నీళ్లున్న డబ్బాలో ఉంచాను. వానలు మొదలై బూజు భయం పట్టుకుంది. చెడిన గుడ్లను రోజూ పొద్దున్నే ఒక్కొక్కటిగా ఏరేవాణ్ణి.

86 బతికాయి. మగది వానలకు ముందే విజయనగరంలో చనిపోయింది. ఆగస్టులో దాని పిల్లల్లో 43ని చిన్న మందు సీసాల్లో సర్దుకుని నేనే తీసుకెళ్లి ఇచ్చాను. మిగిలినవాటికి మీల్‌వార్మ్ పురుగుల్ని ముక్కలుగా కోసి పెడుతున్నాను. నిన్న మూడు సీసాల్లో సాలెగూడు అల్లడం మొదలైంది.