పూర్తికాని శిలలు: వాషింగ్టన్‌లో ఒక సాయంకాలపు బస్సు యాత్ర

వాషింగ్టన్ నగరంలోని జాతీయ స్మారకాలలో చాలావరకు రాత్రింబవళ్ళు తెరిచే ఉంటాయి; వాటిని చూడడానికి రుసుము కూడా లేదు. అయినా సొంత కారులో వెళ్ళి అన్నింటినీ చూసి రావడం తేలికైన పని కాదు. అమెరికా పార్లమెంటు అయిన క్యాపిటల్ భవనం నుంచి లింకన్ స్మారకం దాకా పరుచుకున్న పచ్చిక మైదానమే సుమారు రెండు మైళ్ళ పొడవు ఉంటుంది. జెఫర్సన్, ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్, మార్టిన్ లూథర్ కింగ్ స్మారకాలు దానికి దక్షిణాన టైడల్ బేసిన్ అనే జలాశయం చుట్టూ దూరదూరంగా ఉన్నాయి. కారు నిలపడానికి చోటు దొరకడం కష్టం, దొరికినా అక్కడి నుంచి నడవవలసిన దూరం మా వయసువారికి ఎక్కువ. అందువల్ల వర్జీనియాలోని ఆష్‌బర్న్‌లో ఉంటున్న మా అమ్మాయి నాకూ మా ఆవిడకూ సాయంకాలపు బస్సు యాత్రకు టికెట్లు తీసి, తానూ తోడుగా వచ్చింది.

ఆష్‌బర్న్‌లో తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. పిల్లల దగ్గరికి వచ్చే తల్లిదండ్రులలో ఎక్కువమంది రాజధానిని ఒక పగటిపూట చూసి, శ్వేతసౌధం ముందు ఫోటో తీసుకుని తిరిగి వస్తుంటారు. అది తప్పని నేను అనను. కానీ గైడు వెంట ఉండి, ఏ రాయి ఎప్పుడు నిలిచిందో, ఎందుకు నిలిచిందో చెబుతుండగా చూసినప్పుడు ఈ నగరం వేరుగా అర్థమవుతుంది. మెట్రోలో సిల్వర్ లైను మీద మెట్రో సెంటర్ దాకా వచ్చి, అక్కడ రెడ్ లైనుకు మారి, యూనియన్ స్టేషన్‌లో దిగాము. అక్టోబరు నెలాఖరు కావడం వల్ల బస్సు బయలుదేరేసరికే ఎండ పలచబడి ఆకాశం ఎర్రబారింది. మా గైడు వయసు మళ్ళిన మనిషి. నిదానంగా, ప్రతి మాటా వినిపించేటట్టు మాట్లాడతాడు.

మొదట క్యాపిటల్ భవనం. దాని పోత ఇనుప గోపురం అంతర్యుద్ధం నడుస్తున్న రోజుల్లోనే పైకి లేచింది, 1863 డిసెంబరులో శిఖరాన స్వేచ్ఛాదేవి విగ్రహాన్ని నిలబెట్టారు. ఆ కంచు విగ్రహం పోతపోయడంలో పనిచేసినవారిలో ఫిలిప్ రీడ్ అనే బానిస ఉన్నాడు. విగ్రహపు సున్నపు నమూనాను పగలకుండా ముక్కలుగా ఎలా విడదీయాలో తెలియక అందరూ ఆగిపోయినప్పుడు, కప్పీతో పైకి లాగి అతుకులు కనిపెట్టే ఉపాయం చెప్పినవాడు అతడేనని గైడు వివరించాడు. వాషింగ్టన్‌లో బానిసత్వాన్ని 1862 ఏప్రిల్‌లో రద్దు చేశారు కనుక, విగ్రహం పైకెక్కేనాటికి రీడ్ స్వతంత్రుడు. స్వేచ్ఛ పేరిట ఒక ప్రతిమను చేసిన చేతులు, ఆ పని చేస్తున్నంత కాలమూ మరొకరి సొత్తుగా ఉన్నాయన్న మాట నన్ను ఆ రాత్రంతా వదలలేదు.

శ్వేతసౌధాన్ని బస్సులో నుంచే, అదీ చెట్ల సందుల్లోంచి చూశాము. అంతకంటే వాషింగ్టన్ స్తంభం మీద నా దృష్టి ఎక్కువగా నిలిచింది. 555 అడుగుల ఈ రాతి స్తంభం పనిని 1848లో మొదలుపెట్టి, డబ్బు లేకా రాజకీయ కలహాల వల్లా 1854లో ఆపేశారు. ఇరవై ఏళ్ళకు పైగా అది మొండిగా నిలబడి ఉంది. 1879లో మళ్ళీ మొదలుపెట్టి 1884లో పూర్తి చేసినప్పుడు మొదటి గనిలోని పాలరాయి దొరకలేదు. అందుకే మూడో వంతు కంటే కొంచెం దిగువన రాయి రంగు మారిన గీత సంధ్యవెలుగులో స్పష్టంగా కనిపించింది. 1889లో ఈఫిల్ టవర్ వచ్చేదాకా ప్రపంచంలో మనిషి కట్టిన వాటిలో ఇదే ఎత్తయినది. నగరంలో కట్టడాల ఎత్తుకు 1910 నాటి చట్టం హద్దు పెట్టింది కాబట్టి, ఈనాటికీ ఎటు నుంచి చూసినా దానికి అడ్డు లేదు.

బస్సు మొదట ఆగింది జెఫర్సన్ స్మారకం దగ్గర. గుండ్రని మండపం నడుమ పందొమ్మిది అడుగుల కంచు విగ్రహం నిలబడి ఉంటుంది. 1943లో ఆవిష్కరించిననాడు అక్కడ ఉన్నది కంచు కాదు, రంగు పూసిన సున్నపు ప్రతిమ. యుద్ధకాలంలో లోహం దొరకక, 1947లో గాని అసలు విగ్రహాన్ని పెట్టలేకపోయారు. గోడల మీద ఆయన మాటలు చెక్కి ఉన్నాయి. అమెరికా స్వాతంత్ర్య ప్రకటనలో మనుషులందరూ సమానులుగా సృష్టించబడ్డారన్న వాక్యం రాసిన ఆ చేతి కింద జీవితకాలంలో ఆరు వందల మందికి పైగా బానిసలు ఉండేవారు. మరొక గోడ మీద, బానిసలైన ఈ ప్రజలు స్వేచ్ఛ పొందడం విధిలిఖితమన్న అర్థం వచ్చే మాట ఉంది. జెఫర్సన్ ఆ వెంటనే, రెండు జాతులూ ఒకే ప్రభుత్వం కింద కలిసి బతకలేవని కూడా రాశాడు. ఆ రెండో వాక్యాన్ని విడిచిపెట్టి, మొదటి దాన్ని మాత్రమే గోడకు ఎక్కించారు. ఇలా కత్తిరించడం నాకు నచ్చలేదు. గొప్ప మనిషిని అతని లోపంతో సహా చూపినా చూసేవారి గౌరవం తగ్గదని నా నమ్మకం.

ఇక్కడి నుంచి నాకు యాత్ర అంతటా ఒకే విషయం కనబడుతూ వచ్చింది. ఈ స్మారకాలలో ఆవిష్కరించిన రోజుతో పని ముగిసినది దాదాపుగా లేదు. తరవాతి తరాలు వచ్చి చేర్చాయి, దిద్దాయి, ఒక్కోసారి చెరిపేశాయి కూడా.

రూజ్‌వెల్ట్ స్మారకం దీనికి చక్కని ఉదాహరణ. తనకు స్మారకం కట్టదలిస్తే తన బల్లంత రాతిదిమ్మ చాలునని ఆయన చెప్పాడు. ఆ దిమ్మను 1965లో నేషనల్ ఆర్కైవ్స్ భవనం దగ్గర నిలిపారు. 1997లో తెరిచిన ఈ పెద్ద స్మారకం మాత్రం ఏడెకరాలకు పైబడిన తోట. ఆయన నాలుగు పదవీకాలాలకు గుర్తుగా పైకప్పు లేని నాలుగు గదులు, వాటి మధ్య రాళ్ళ మీదుగా దూకే నీళ్ళు. ఆర్థిక మాంద్యపు రోజుల్లో రొట్టె కోసం వరుసలో నిలబడిన మనుషుల కంచు బొమ్మల దగ్గర వెలుతురు చాలా తక్కువగా ఉంటుంది. మా ఆవిడ వారి వెనక వరుసలో చేరి నిలబడి, మాట్లాడకుండా కాసేపు అక్కడే ఉండిపోయింది. పోలియో వల్ల నడవలేకపోయిన రూజ్‌వెల్ట్ తన చక్రాల కుర్చీని జనానికి కనబడనిచ్చేవాడు కాడు. మొదటి శిల్పం కూడా పొడవాటి అంగీతో దాన్ని దాదాపుగా కప్పేసింది. వికలాంగుల సంఘాలు పట్టుబట్టి, విరాళాలు సేకరించి, కుర్చీలో కూర్చున్న రూజ్‌వెల్ట్ విగ్రహాన్ని 2001లో ప్రవేశద్వారం దగ్గర పెట్టించాయి. నేల మీద, మనిషి ఎత్తులో, ఎవరైనా పక్కకు వెళ్ళి చేయి వేయగలిగేటట్టు ఉన్న ఆ విగ్రహమే అక్కడి శిల్పాలన్నిటిలోకీ గొప్పదని నా అభిప్రాయం.

కింగ్ స్మారకం అక్కడికి దగ్గరే. ముప్పై అడుగుల తెల్లని గ్రానైటు శిల నుంచి సగం బయటికి వచ్చినట్టు ఆయన రూపం కనిపిస్తుంది. చెక్కినది చైనా శిల్పి లే యీషిన్. 1959లో గాంధీజీ దేశాన్ని చూడాలని వచ్చి నెల రోజులు తిరిగిన మనిషి కింగ్ అని తెలిసినవారికి ఆ రాతి ముందు నిలబడడం పరాయి చోట నిలబడినట్టు ఉండదు. 2011లో తెరిచినప్పుడు శిల పక్క భాగాన ఒక వాక్యం చెక్కి ఉండేది. ఆయన షరతుతో అన్న మాటను కుదించడం వల్ల అది గొప్పలు చెప్పుకున్నట్టు ధ్వనిస్తోందని విమర్శ వచ్చింది. 2013లో ఆ అక్షరాలను తొలగించి, శిల మీద ఉన్న గీతలలో కలిసిపోయేటట్టు చెక్కారు. గైడు టార్చి వేసి చూపించాడు. ఒకప్పుడు అక్కడ వాక్యం ఉండేదని చెప్పకపోతే ఎవరికీ తెలియదు.

తరవాత లింకన్ స్మారకం దగ్గర బస్సు అన్నిటికంటే ఎక్కువసేపు ఆగింది. ఒక గంటలో మూడు స్మారకాలు చూడాలి. చాలామంది నేరుగా లింకన్ మెట్ల వైపు నడిచారు. మేము మాత్రం గైడు సలహా మీద ముందు వియత్నాం గోడకు వెళ్ళాము.

మాది ఒంగోలు. చీమకుర్తి క్వారీల నుంచి లారీల మీద వచ్చే నల్ల గ్రానైటు బ్లాకులనూ, ఫ్యాక్టరీలలో వాటిని కోసి పాలిష్ పట్టడాన్నీ చిన్ననాటి నుంచి చూసినవాణ్ణి. చీమకుర్తి రాతిలో బంగారు చుక్కలుంటాయి. ఈ గోడలో ఒక్క చుక్క లేదు, నిండు నలుపు. ఈ రాయి బెంగళూరు నుంచి వచ్చిందని గైడు చెప్పగానే నేను దగ్గరగా వెళ్ళి అరచేయి ఆనించాను. మన దక్షిణాది రాతిని వెర్మాంట్ రాష్ట్రంలో కోసి, టెనెసీలోని మెంఫిస్‌లో ఇసుకను జోరుగా చిమ్మే పద్ధతిలో పేర్లు చెక్కి, 1982లో ఇక్కడ నిలిపారు. నమూనా గీసిన మాయా లిన్ అప్పటికి ఇరవై ఒక్కేళ్ళ విద్యార్థిని. పోటీలో నమూనాల మీద పేర్లు లేకుండా అంకెలే ఉండడం వల్ల న్యాయనిర్ణేతలకు అది ఎవరిదో తెలియదు.

గోడ నేలలోకి దిగుతుంది. నడుస్తున్నకొద్దీ అది మోకాళ్ళ దాకా, భుజాల దాకా, చివరికి తల పైదాకా పెరుగుతుంది. యాభై ఎనిమిది వేలకు పైగా పేర్లు. హోదా లేదు, ఊరు లేదు. అక్షరక్రమం కూడా మొత్తానికి వర్తించదు. ఏ తేదీన నేలకొరిగారో ఆ వరుసలోనే పేర్లు ఉంటాయి కాబట్టి, ఒకే రోజున పోయినవారు ఒకరి పక్కన ఒకరు నిలుస్తారు. మాతో బస్సులో వచ్చిన వృద్ధ దంపతులు పలక సంఖ్య, వరుస సంఖ్య రాసుకున్న కాగితంతో సరిగా ఒక చోటికి వెళ్ళారు. ఆయన కాగితాన్ని పేరు మీద ఆనించి పెన్సిలుతో రుద్దుతుంటే ఆమె ఫోను వెలుగు పట్టుకుంది. పాలిష్ రాతిలో వారిద్దరి ముఖాలూ ఆ పేర్ల మీద పడి కనిపించాయి. నా ముఖమూ పడింది. మా ఫ్యాక్టరీలవాళ్ళు అద్దంలాంటి పాలిష్ అని గర్వంగా చెప్పే గుణాన్ని ఇంత బాధ్యతగా వాడిన చోటు నేను మరొకటి చూడలేదు.

ఈ గోడ కూడా పూర్తయినది కాదు. పేరు పక్కన వజ్రపు గుర్తు ఉంటే మరణించినట్టు, శిలువ గుర్తు ఉంటే ఆచూకీ దొరకనట్టు. ఎముకలు దొరికి ఎవరివో తేలినప్పుడు శిలువను వజ్రంగా మారుస్తారు. యుద్ధగాయాలతో తరవాత కన్నుమూసినవారి పేర్లను కూడా చేరుస్తూ వచ్చారు. నల్లగోడ చాలదని అలిగినవారి కోసం 1984లో ముగ్గురు సైనికుల విగ్రహం, సేవ చేసిన స్త్రీల కోసం 1993లో మరొక విగ్రహం వచ్చాయి. ఆ యుద్ధంలో పోయిన లక్షలాది వియత్నామీయుల పేర్లు మాత్రం ఇక్కడ ఎక్కడా లేవు. ఒక దేశం తన బిడ్డల కోసం కట్టుకున్న గోడలో వాటిని వెతకడం న్యాయం కాదేమో. అయినా అంత పొడవునా నడిచి వచ్చాక ఆ లోటు నాకు తోచకుండా ఉండలేదు.

లింకన్ దగ్గరికి ఎక్కవలసిన మెట్లు ఎక్కువ. మా ఆవిడ మధ్యమధ్య ఆగుతూ ఎక్కింది. పైన ముప్పై ఆరు స్తంభాల నడుమ కూర్చున్న పాలరాతి లింకన్ ముఖం దీపాల వెలుగులో పగటికంటే అలసినట్టు కనిపించింది. ఉత్తరపు గోడ మీద ఆయన రెండో పదవీస్వీకార ప్రసంగంలో ‘ఫ్యూచర్’ అనే మాటకు మొదటి అక్షరం తప్పుగా చెక్కి, అడుగు గీతను పూడ్చిన ఆనవాలు ఉంది. అంతకంటే పెద్ద తప్పు ఆవిష్కరణ రోజుది. 1922 మే 30న, బానిసలకు విముక్తి ప్రకటించిన మనిషి స్మారకాన్ని తెరిచే సభలోనే నల్లజాతివారిని వేరుగా కూర్చోబెట్టారు. ఆ మెట్ల మీదనే 1939లో నల్లజాతి గాయని మేరియన్ ఆండర్సన్ పాడింది. 1963 ఆగస్టు 28న కింగ్ తన కల గురించి మాట్లాడాడు. ఆయన నిలబడిన చోట అక్షరాలు చెక్కింది 2003లో, నలభై ఏళ్ళకు. మా అమ్మాయి దాన్ని ముందుగా చూసి, “నాన్నా, జాగ్రత్త, కాలు పెట్టకండి” అంది. ఆ తడి రాతిని మేము పక్కగా దాటి దిగాము.

కొరియా స్మారకానికి పావుగంట కూడా మిగలలేదు. వానకోట్లు వేసుకుని పొదల మధ్య నడుస్తున్న పందొమ్మిది మంది ఉక్కు సైనికులు రాత్రిపూటే చూడదగినవారు. ముఖాల మీద మాత్రమే దీపాలు పడతాయి. 1995 నాటి ఈ స్మారకానికి ముప్పై ఆరు వేలకు పైగా అమెరికన్ల పేర్లనూ, వారితో కలిసి పోరాడిన ఏడు వేలకు పైగా కొరియన్ల పేర్లనూ 2022లో చేర్చారు. మరో దేశపువారి పేర్లను కూడా తమవారితో కలిపి చెక్కడం నాకు ఎంతో తృప్తినిచ్చింది.

తిరుగుదారిలో రెండో ప్రపంచయుద్ధ స్మారకం దగ్గర కొద్దిసేపు దిగాము. 2004లో తెరిచిన ఆ ప్రాంగణంలో 4,048 బంగారు నక్షత్రాలున్న గోడ ఉంది; ఒక్కో నక్షత్రం సుమారు వందమంది మృతులకు గుర్తు. నీళ్ళూ స్తంభాలూ చాలా అందంగా ఉన్నాయి. కానీ నల్లగోడ చూసి వచ్చిన తరవాత, వందమందిని ఒక్క నక్షత్రంలో చేర్చడం నా మనసుకు ఎక్కలేదు. అక్కడ తన అన్ననో తాతనో వెతుక్కునే మనిషి వేలు ఎక్కడ ఆనించాలి?

ఈ యాత్రకు వెళ్ళదలచిన పెద్దవాళ్ళు ఉన్ని దుస్తులు, మంచి బూట్లు, చిన్న టార్చి తీసుకుని వెళ్ళడం మంచిది; అక్టోబరులో టైడల్ బేసిన్ మీది గాలి బాగా చలిగా ఉంటుంది. లింకన్ దగ్గర దొరికే గంటలో ముందు వియత్నాం గోడకు వెళ్ళండి, మెట్లు ఎక్కే ఓపిక లేకపోతే లింకన్‌ను కింది నుంచే చూసినా ఫరవాలేదు. బస్సు యూనియన్ స్టేషన్‌కు చేరేసరికి రాత్రి బాగా పొద్దుపోతుంది కనుక, ఆష్‌బర్న్ వైపు వెళ్ళే చివరి రైలు ఎన్ని గంటలకో ఇంటి దగ్గరే చూసుకుని బయలుదేరండి.