రెండు కర్రలూ ఒక అతుకూ: పాత చెక్కతో సిలువలు

సిలువ చేయడానికి కావలసినవి రెండు కర్రలు, వాటిని కలిపే ఒక అతుకు. ఇంతకంటే తక్కువ సరంజామాతో తయారయ్యే భక్తి వస్తువు మరొకటి నాకు తెలియదు. అందుకే కాబోలు, పేరున్న శిల్పుల చేత చేయించుకునే స్థోమత లేని సామాన్యులు కూడా చేతికందిన కొయ్యతో, తీగతో, గడ్డితో తమ సిలువలను తామే చేసుకుంటూ వచ్చారు. నేను చేసేవీ ఆ కోవకు చెందినవే. ఒడ్డుకు కొట్టుకొచ్చిన కర్రలు, పాత తలుపు చెక్కలు, విరిగిన కుర్చీ కాళ్లు, తుప్పు పట్టిన మేకులు నా సామగ్రి. ఈ పనిలో నేను గట్టిగా నమ్మేది ఒక్కటే: దొరికిన వస్తువు తన వెంట తెచ్చుకున్న గుర్తులను చెరిపివేయకూడదు, మన పనితనం ఏదైనా ఉంటే అది అతుకులో కనబడాలి.

ఈ నమ్మకానికి నాకు కనిపించే గొప్ప ఆధారం ఇంగ్లండ్‌లోని కోవెంట్రీ. 1940 నవంబరు 14 రాత్రి జరిగిన బాంబు దాడిలో అక్కడి కెథడ్రల్, అంటే బిషప్ ఉండే ప్రధాన చర్చి, కాలిపోయింది. శిథిలాలలో ఒకదానిపై ఒకటి అడ్డంగా పడి ఉన్న రెండు కాలిన దూలాలను ఒక రాతిపనివాడు తీగతో కట్టి నిలబెట్టాడు. పైకప్పులోని మధ్యయుగాల నాటి మూడు పెద్ద మేకులతో మరొక సిలువను కూర్చారు. ఆ దూలాల బొగ్గును ఎవరైనా చిత్రిక పట్టి నునుపు చేసి ఉంటే అవి రెండు మామూలు కొయ్యలుగానే మిగిలిపోయేవి.

లాంపెడూసా సిలువ సంగతీ అంతే. 2013లో ఆ ఇటలీ ద్వీపం దగ్గర వలసదారుల పడవలు మునిగి వందల మంది చనిపోయినప్పుడు, ఫ్రాంచెస్కో తుచ్చో అనే వడ్రంగి పడవల శకలాలతో సిలువలు చేసి, ప్రాణాలతో బయటపడినవారికి ఇచ్చాడు. అటువంటి సిలువ ఒకటి 2015లో బ్రిటిష్ మ్యూజియానికి చేరింది. పడవకు వేసిన రంగుల పొరలు దానిపై పెచ్చులుపెచ్చులుగా అలాగే ఉన్నాయి. వడ్రంగి చేసిందల్లా రెండు ముక్కలను కోసి, కూర్చడమే. అంతకు మించి చేయకపోవడంలోనే అతని వివేకం ఉందని నా అభిప్రాయం.

గుర్తులను కాపాడాలంటే చెక్కను శుభ్రం చేయనక్కరలేదని కాదు. సముద్రంలో నానిన కర్రలో ఉప్పు ఉంటుంది కనుక దానిని మంచినీటిలో నానబెట్టి, నీళ్లు మారుస్తూ, ఆ తర్వాత నీడలో నిదానంగా ఆరనివ్వాలి. ఎండలో ఒక్కసారిగా ఆరితే కొసలు పగులుతాయి. చెక్కపై సన్నని రంధ్రాలుండి, తట్టినప్పుడు వాటిలోంచి మెత్తని పొడి రాలుతుంటే లోపల పురుగు ఇంకా పని చేస్తున్నదని అర్థం. అటువంటి చెక్కను నేను తీసుకోను. సరుకు రవాణాకు వాడే ప్యాలెట్ చెక్క అయితే దాని ముద్ర చూడాలి. హెచ్‌టీ అంటే వేడితో శుద్ధి చేసినది, ఎంబీ అంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువుతో శుద్ధి చేసినది. రెండవదానిని ముట్టుకోకపోవడమే మేలు. పాత రంగులలో చాలావాటిలో సీసం ఉంటుంది కనుక రంగు వేసిన చెక్కను పొడిగా ఉప్పుకాగితంతో రుద్దకూడదు. తడిగుడ్డతో తుడిచి, ఆరాక పైన వార్నిష్ పూత వేస్తే రంగు పెచ్చులూడదు, పొడి చేతికి అంటదు.

ఇక అతుకు. బల్లపరుపు చెక్కలైతే నిలువు కర్ర మందంలో సగం, అడ్డ కర్ర మందంలో సగం తొలగించి ఒకదానిలో ఒకటి కూర్చుకుంటాను. అడ్డ కర్రను నిలువు కర్రపై పెట్టి, దాని రెండు అంచుల వెంట పెన్సిలుతో కాక పదునైన కత్తితో గీత గీస్తాను, ఎందుకంటే కత్తి గీత పాత రంగును ముందే తెంపుతుంది, తర్వాత రంపం ఆడినప్పుడు పెచ్చులు లేవవు. రంపం గీతకు లోపలి వైపే నడవాలి. మిగిలిన చెక్కను ఉలితో ఒక పక్క నుంచి మధ్యదాకా, మళ్లీ రెండో పక్క నుంచి మధ్యదాకా చెక్కాలి. ఒకే పక్క నుంచి తోసుకుంటూ పోతే అవతలి అంచు చీలిపోతుంది. అరచేతితో నొక్కితే దిగాలి, సుత్తి అవసరపడకూడదు, తిరగేస్తే జారిపడకూడదు. అలా కుదిరిన అతుకుకు జిగురు తోడుగా ఉంటే చాలు.

గుండ్రని కర్రలకు ఈ పద్ధతి పనికిరాదు. రెండూ తాకే చోట కొద్దిగా చదును చేసి, రంధ్రం వేసి, కొయ్య చీల దిగగొట్టి, పైన రాగి తీగతోనో నార తాడుతోనో ఐమూలగా కట్టాలి. కర్ర పూర్తిగా ఆరకముందే కడితే, అది ఆరి సన్నబడ్డాక కట్టు వదులవుతుంది.

వంకర కర్రను తిన్నగా చేయాలని చూడకండి. జార్జియా దేశానికి క్రైస్తవాన్ని తెచ్చిన సెయింట్ నీనో తన వెంట్రుకలతో కట్టిందని చెప్పే ద్రాక్షతీగ సిలువకు చేతులు కిందికి వాలి ఉంటాయి, ఆ దేశపు చర్చి దానిని అలాగే తన గుర్తుగా నిలుపుకున్నది. ఐర్లండ్‌లో ఫిబ్రవరి 1న సెయింట్ బ్రిజిడ్ పండుగకు చేసే సిలువ అయితే పూర్తిగా పచ్చి నీటిగడ్డి అల్లికే. ప్రతి పోచనూ మధ్యకు మడిచి, పక్కకు తిప్పి, నాలుగు కొసలనూ ముడివేస్తారు. అమెరికాలోని న్యూమెక్సికోలో బంగారు రేకుకు బదులు గోధుమ గడ్డిని చీల్చి, నల్లరంగు పూసిన చెక్క సిలువపై అతికించేవారు.

అలంకారం విషయంలో నేను పొదుపరిని. గవ్వలు, గాజు ముక్కలు, సీసా మూతలు అతికించిన సిలువలను చూసి సంతోషిస్తాను గాని, నా చేతితో చేసేటప్పుడు పాత మేకు రంధ్రం ఒకటి సరైన చోట వస్తే అదే చాలనిపిస్తుంది. పూతకు తేనెమైనం కలిపిన అవిసె నూనె వాడతాను. ఆ నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి పడేస్తే వాటంతట అవే అంటుకునే ప్రమాదం ఉంది కనుక విప్పి ఆరబెట్టాలి. గోడకు తగిలించే కొక్కెం కోసం కొలబద్దతో మధ్యభాగం వెతకడం కంటే, సిలువ పైకొసను రెండు వేళ్ల మధ్య పట్టి వేలాడదీసి, ఎక్కడ పట్టుకుంటే తిన్నగా నిలుస్తుందో అక్కడ వెనుకవైపు గుర్తు పెట్టుకోవడం మంచిది. వంకర కర్రలలో ఆ చోటు మధ్యన ఉండడం అరుదు.