నముగోంగో దారిలో గుర్తొచ్చిన మజ్జిగ

మూడేళ్ళ తర్వాత సెలవు మీద చిత్తూరు వచ్చాను. ఇంటికొచ్చినవాళ్ళంతా ఆఫ్రికాలో ఎట్లా ఉంటున్నావమ్మా, తిండెట్లా, దోమలెట్లా అని అడుగుతున్నారు. కష్టమే, కాదనను. కానీ నాకు చెప్పాలనుండేది పోయినేడు నముగోంగో అనే పుణ్యక్షేత్రానికి నడిచిన ఐదు రోజుల గురించి.

ఉగాండాలో మసాకా దగ్గర ఒక మిషన్ ఆస్పత్రిలో నేను నర్సు సిస్టర్‌ని. అక్కడ జూన్ 3 వేదసాక్షుల పండగ, అంటే విశ్వాసం కోసం ప్రాణాలిచ్చినవాళ్ళ పండగ. 1886లో ఆ రోజున బుగాండా రాజు మ్వాంగా, విశ్వాసం వదలమంటే వదలనన్నందుకు తన కొలువులోని చార్లెస్ ల్వాంగానీ, మరికొందరు కుర్రవాళ్ళనీ నముగోంగోలో బతికుండగానే కాల్పించాడు. అందులో కిజిటో అనే పిల్లాడికి పద్నాలుగేళ్ళే. పండక్కి పక్క దేశాల నుంచి కూడా జనం నడిచొస్తారు. మా విచారణ, అంటే మా చర్చి పరిధిలోని ఊళ్ళ నుంచి 130 కిలోమీటర్లకు పైనే.

రెండో రోజుకే అరికాళ్ళ నిండా బొబ్బలు. రాత్రి ఏదో బడి వరండాలో చాప, తెల్లవారుజామున చలి, ఎండెక్కితే పక్కనే దూసుకుపోయే లారీల దుమ్ము, చుట్టూ అందరూ అక్కడి లుగాండా భాషలో పాడుతుంటే ఇంకా నోరు తిరగని నేనొక్కదాన్నే మౌనంగా. కయాబ్వే దగ్గర రోడ్డు భూమధ్యరేఖను దాటుతుంది. అందరూ ఫోటోలు తీసుకుంటుంటే నేను పక్కన కూలబడి ఏడ్చేశాను. వాళ్ళ కాళ్ళకు కట్టు కట్టాల్సిన మనిషిని, నేనే నడవలేకపోతున్నానే అని.

మా విచారణలోని ఒక ముసలామె, మేమంతా జ్జాజ్జా, అంటే అవ్వ అని పిలుస్తాం, తొట్టిలో నీళ్ళు తెచ్చి నా కాళ్ళు కడిగింది. వద్దంటే వినలేదు. 'గ్యేబలే కో' అంది, కష్టపడేవాళ్ళను మెచ్చుకుంటూ పలకరించే మాట అది. తర్వాత పోషో, చిక్కుడు గింజలు పెట్టింది. పోషో అంటే మొక్కజొన్న పిండి సంగటి. మన రాగి సంగటిలాగే ముద్ద చేసి మింగాలి, ఊరిబిండి ఒకటే తక్కువ.

అప్పుడు మా ఇల్లు గుర్తొచ్చింది. తమిళుల పెరటాసి నెలలో వేలూరు వైపు నుంచి పసుపు బట్టలు కట్టుకుని, గోవిందా అంటూ తిరుమలకు నడిచిపోయేవాళ్ళకు మా అమ్మ వాకిట్లో కుండ పెట్టి మజ్జిగ పోసేది. అమ్మేమో చర్చిలో ఆదివారం పూజ ఒక్కటి కూడా తప్పని మనిషి. "కాళ్ళు ఎట్లా వాచినాయో చూడమ్మే, పోయి చెంబు అందించు" అనేది. నేను పరిగెత్తేదాన్ని, అంతే, తాగేవాళ్ళ మొహం ఎప్పుడూ సరిగ్గా చూడలేదు. ఆ రోజు తాగేవాళ్ళ వైపు నేనున్నాను. ఆ సంతోషం ఇంతని చెప్పలేను, బొబ్బలు మాత్రం అట్లాగే మండుతున్నాయి.

నముగోంగోలో 22 రాగి స్తంభాల మీద నిలిచిన బసిలికా అనే పెద్ద చర్చి, 22 మంది కతోలిక వేదసాక్షులకు గుర్తుగా. ఆ జనంలో పూజపీఠం కనబడలేదు, ముందువాళ్ళ వీపులే. అయినా జ్జాజ్జా చెయ్యి పట్టుకుని చివరిదాకా నిలబడ్డాను.

ఇదంతా విని అమ్మ నిన్నటి నుంచి చెనిక్కాయలు వేయిస్తోంది, జ్జాజ్జాకి పొడి కొట్టి పంపాలట. అక్కడా చెనిక్కాయలు పండుతాయమ్మా అన్నా వినడం లేదు.