వేళ్ళెన్ని?

నిద్ర లేచేసరికి అంతా చీకటి. కరెంటు పోయిందేమో అనుకుని "ఏమండీ, ఆ ఫోను లైటన్నా వెయ్యండి" అన్నాను. "ఏడున్నరైంది, ఎండ మొహం మీదే పడుతోంది కదా" అన్నారు మా ఆయన. నిజమే, చెంప వెచ్చగా ఉంది. ఎండ తగులుతోంది గానీ కనబడటం లేదు.

చూపు ఇలా ఉన్నట్టుండి పోతే రేపు చూద్దాంలే అనుకోకూడదు. రెటీనాకి రక్తం ఆగినా, పక్షవాతమైనా ప్రతి గంటా లెక్కే. మేం తిన్నగా ఎమర్జెన్సీకి వెళ్ళాం. టార్చి వేస్తే కంటిపాపలు మామూలుగానే ముడుచుకున్నాయి. రెటీనా బాగుంది, ఎమ్మారై బాగుంది. తలకి వైర్లు అతికించి, ఎదురుగా గళ్ళ బొమ్మ మారుస్తూ చేసే వీఈపీ పరీక్షలోనూ మెదడు దాకా సిగ్నల్ అందుతోందని తేలింది. నార్మల్ అన్న మాట విన్నకొద్దీ నాకు భయం పెరిగింది. బయట బెంచీ మీద ఎవరో "నాటకమేమో" అన్నారు. చెవులు బాగానే ఉన్నాయని వాళ్ళకి తోచలేదు.

న్యూరాలజీ డాక్టరమ్మ నా మొహానికి దగ్గరగా ఏదో పట్టుకుని అటూ ఇటూ ఊపారు. "ఇది పెద్ద అద్దం. మీ కళ్ళు దీంతోపాటే కదిలాయి" అన్నారు. దొరికిపోయిన దొంగలా ఏడుపొచ్చింది. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "మీరు అబద్ధం చెప్పడం లేదు. కళ్ళూ నరాలూ పనిచేస్తున్నాయి, చూసింది మీ ఎరుకలోకి రావడం లేదు. ఫోను పాడవలేదు, హ్యాంగయింది. అందుకే చూపు తిరిగొస్తుందని నా నమ్మకం" అన్నారు. నా వైద్యంలో సగం ఆ రెండు నిమిషాలే అంటాను.

ఫంక్షనల్ విజువల్ లాస్ అంటారట. ఒకప్పుడు హిస్టీరియా అనేసేవారు. రెండేళ్ళు మంచాన ఉన్న అమ్మని చూసుకున్నాను, ఆవిడ పోయిన కొద్ది రోజులకే ఆఫీసులో ఆడిట్ పనికి కూర్చున్నాను. దిగులే కళ్ళకెక్కిందని చుట్టాలు తేల్చేశారు. డాక్టరమ్మ అంత తొందరపడలేదు. ఫలానా ఒత్తిడి వల్లే వచ్చిందని చూపించాలన్న షరతుని మానసిక సమస్యల్ని నిర్ధారించడానికి డాక్టర్లు వాడే డీఎస్ఎం-5 అనే పుస్తకంలో, 2013లోనే తీసేశారట. కొందరిలో వెతికినా కారణం దొరకదట.

తర్వాత సైకాలజిస్టు దగ్గర వారానికోసారి సీబీటీ, అంటే ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చుకోవడానికి మాటలతో చేసే వైద్యం. అక్కడ అమ్మ గురించి కంటే, ఎవరు ఏ పని చెప్పినా "సరే" అనే నా అలవాటు గురించే ఎక్కువ మాట్లాడాం. కళ్ళని చిట్లించి బలవంతంగా చూడొద్దన్నారు. ఇంట్లోవాళ్ళు పరీక్షలు పెట్టకూడదన్నారు. పొద్దున్నే "ఇవి ఎన్ని వేళ్ళు?" అనడం మా ఆయనకి అప్పటికే అలవాటైపోయింది మరి.

పదకొండో రోజు దుప్పటి మడత పెడుతుంటే చేతుల మధ్య ఏదో పచ్చగా కదిలింది. ముందు రంగు, కాసేపటికి అంచు గీతలు. మర్నాడు మళ్ళీ మసక. ఇలా వస్తూ పోతూ, చదవగలిగే చూపు రావడానికి రెండు నెలలు పట్టింది.

ఇప్పటికీ నిద్ర తక్కువై టెన్షన్ పెరిగితే చూపు కాస్త మసకబారుతుంది. పని పక్కన పెట్టి, పాదాలు నేలకి ఆనించి, ఊపిరి నిదానంగా వదులుతూ కూర్చుంటే సర్దుకుంటుంది.

మొన్న గుమ్మంలోంచి మా ఆయన రెండు వేళ్ళు చూపించారు. "నాలుగు" అన్నాను. ఆయన మొహం చూడాలి!