పాత డీజిల్ సెడాన్ కొంటున్నారా? ముందు ఇంజిన్ చల్లగా ఉందో లేదో చూడండి

నల్గొండ నుంచి నార్కట్‌పల్లి మీదుగా హైదరాబాద్ దిక్కు, లేదంటే మహబూబ్‌నగర్ నుంచి జడ్చర్ల దాటి షాద్‌నగర్ దాకా రోజూ పోయొచ్చేవాళ్లకు పాత డీజిల్ సెడాన్ ఇప్పటికీ గిట్టుబాటయ్యే బండే. రోజుకు 80 కి.మీ., నెలకు 25 రోజులు, అంటే 2000 కి.మీ. లీటరుకు 20 ఇచ్చే డీజిల్ బండికి 100 లీటర్లు చాలు. 15 ఇచ్చే పెట్రోలు బండికి 133 కావాలి. డీజిల్ 96, పెట్రోలు 107 అనుకుంటే నెలకు నాలుగున్నర వేల పైనే మిగులుతాయి. రోజుకు పది కిలోమీటర్లు, అదీ గడియారం సెంటర్ నుంచి బస్టాండు దాకా తిరిగేవాళ్లు మాత్రం ఈ జోలికి పోవద్దు. వాళ్లకు మిగిలేది ఏమీ ఉండదు, పైగా ఇంజిన్ ఏనాడూ సరిగ్గా వేడెక్కక మసి పట్టిపోతుంది.

ఏ బండి అంటే, విడిభాగాలు మన ఊళ్లో దొరికేది. మారుతి డిజైర్‌లోని 1248 సీసీ ఇంజినే స్విఫ్ట్, రిట్జ్, ఎర్టిగా, టాటా మాంజా, ఫియట్ లీనియాల్లోనూ ఉంది. కాబట్టి మిర్యాలగూడలోనైనా, వనపర్తిలోనైనా ఆ ఇంజిన్ విప్పిన మెకానిక్ ఉంటాడు. టయోటా ఎటియోస్‌లోని 1364 సీసీ ఇంజిన్ హడావుడి లేనిది, ఓర్పు ఎక్కువ. ఈ రెండింటికీ టైమింగ్ చైన్ (వాల్వులను పిస్టన్లతో లెక్క తప్పకుండా నడిపే గొలుసు) ఉంటుంది. ఫోక్స్‌వ్యాగన్ వెంటో, మహీంద్రా వెరిటో లాంటివాటికి ఆ పని చేసేది బెల్టు. నడపడానికి వెంటో హాయిగా ఉంటుంది, కాదనలేం. కానీ బెల్టు ఎప్పుడు మార్చారో బిల్లు చూపించకపోతే మార్చలేదనే లెక్క. బెల్టు తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి, హెడ్డు విప్పాల్సిందే. అలాంటి బండి కొంటే బెల్టు, టెన్షనర్, వాటర్ పంపు మూడూ ఒకేసారి మార్పించే ఖర్చు బేరంలోనే తగ్గించుకోవాలి.

చవకగా వస్తున్న బండి ఎందుకు చవకో ముందే తెలుసుకోవాలి. ఎక్కువగా మూడు రకాలు కనిపిస్తాయి. మొదటిది ఢిల్లీ బండి. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్ బండ్ల మీద ఆంక్షలు పెట్టారు కాబట్టి ఇటు తోలుకొస్తారు. మన దగ్గర ఆ నిబంధన లేదు, నడుపుకోవచ్చు. కాకపోతే ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టి, కొత్త నంబరు తీసుకోవాలి. ఆ ట్యాక్స్ కలిపి చూస్తే చాలాసార్లు లోకల్ బండి ధరే వస్తుంది. అక్కడి ఆర్టీవో ఇచ్చే ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న పత్రం) చేతిలో పడకముందు పైసా ఇవ్వొద్దు. రెండోది ట్యాక్సీగా తిరిగి తెల్ల నంబరుకు మారిన బండి. మీటరు వెనక్కి తిప్పడం పెద్ద పనేం కాదు గానీ, క్లచ్ పెడల్ రబ్బరు అరుగుదల, స్టీరింగ్ మీద తోలు నునుపు, డ్రైవర్ సీటు అంచు తిప్పలేరు. మీటరు 70 వేలు చూపిస్తూ పెడల్ రబ్బరు గీతలన్నీ పోయి ఉంటే ఆ మీటరును నమ్మొద్దు. మూడోది వరదలో మునిగిన బండి. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో మునిగినవి చుట్టుపక్కల జిల్లాలకూ చేరే వీలుంది. కార్పెట్ ఎత్తి చూడండి, సీటు కింది బోల్టులకు తుప్పు, సీటు బెల్టు మొత్తం బయటికి లాగితే చివర బురద గీత కనిపిస్తాయి. కిటికీలు మూసి ఏసీ వేస్తే ముక్కిన వాసన వస్తుంది.

ఇక అసలు పరీక్ష. డీజిల్ ఇంజిన్ దాచుకునేదంతా చల్లటి స్టార్టులో బయటపడుతుంది. పొద్దున్నే వస్తామని, బండి ముట్టొద్దని ముందు రోజే చెప్పండి. వెళ్లగానే బోనెట్ తెరిచి ఇంజిన్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే అమ్మేవాళ్లు ముందే ఒకసారి తిప్పి పెట్టారన్నమాట. మంచి మాటతో ఇంకో రోజు వస్తామని లేవండి.

చల్లగా ఉంటే తాళం తిప్పి, డ్యాష్‌బోర్డు మీద చుట్టలు తిరిగిన తీగ గుర్తు ఆరేదాకా ఆగి, అప్పుడు సెల్ఫ్ కొట్టండి. రెండు సెకన్లలో అందుకోవాలి. ఎక్కువసేపు తిరిగితే బ్యాటరీ, చల్లటి సిలిండర్లను ముందే వేడిచేసే గ్లో ప్లగ్గులు, డీజిల్‌ను లోపలికి చిమ్మే ఇంజెక్టర్లు, డీజిల్ లైనులోకి చేరిన గాలి, వీటిలో ఏదో ఒకటి కారణం. మనకు ఎండాకాలంలో గ్లో ప్లగ్గు పాడైనా తెలియదు. డిసెంబరు పొద్దునే తెలుస్తుంది, అందుకే కొనడానికి చలికాలం మంచి కాలం. స్టార్టయిన తొలి క్షణాల్లో చైన్ గలగలమని ఆగిపోతే సరే. ఆగకుండా గలగలమంటూనే ఉంటే చైన్ సాగిపోయింది, ఆయిల్ వేళకు మార్చని బండి అది. పొగ కూడా చూడండి. నీలం పొగ అంటే ఆయిల్ కాలుతోంది. తెల్ల పొగ పచ్చి డీజిల్ వాసనతో వచ్చి కొద్దిసేపట్లో ఆగితే గ్లో ప్లగ్గో ఇంజెక్టరో, తియ్యటి వాసనతో వచ్చి ఆగకపోతే ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్ సిలిండర్లోకి దిగుతోంది. నల్ల పొగకు కారణాలు ఎక్కువ: ఎయిర్ ఫిల్టర్, పగిలిన టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపేది) గొట్టం, ఈజీఆర్ (కాలిన పొగలో కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపే వాల్వు), ఇంజెక్టరు.

ఇంజిన్ తిరుగుతుండగా ఆయిల్ పోసే మూత విప్పి, తలకిందులుగా ఆ రంధ్రం మీదే పెట్టండి. కొద్దిగా అదిరితే ఫర్వాలేదు. ఎగిరి పక్కకు పడితే, ఉఫ్ ఉఫ్ మంటూ పొగ తన్నుకొస్తే పిస్టన్ రింగులు అరిగాయి. డిప్‌స్టిక్ మీద ఆయిల్ నల్లగా ఉందని కంగారు పడొద్దు, డీజిల్ ఇంజిన్‌లో కొత్త ఆయిల్ కూడా త్వరలోనే నల్లబడుతుంది. చూడాల్సింది మట్టం గీత దాటి పైకి ఉందా, డీజిల్ వాసన వస్తోందా అని. అలా ఉంటే కాలని డీజిల్ కిందికి దిగి ఆయిల్‌ను పలుచన చేస్తోంది. పాల చాయ్ రంగులో ఉంటే నీళ్లు కలిశాయి, అక్కడితో బేరం ముగిసింది.

రోడ్డు మీద నాలుగో గేరులో 1500 ఆర్పీఎం నుంచి పూర్తిగా తొక్కండి. 2000 దగ్గర వెన్ను సీటుకు ఆనేలా లాగాలి. ఆర్పీఎం పెరిగి స్పీడు పెరగకపోతే క్లచ్ జారుతోంది. లాగకుండా బుస్సుమని శబ్దం వస్తే ఇంటర్‌కూలర్ గొట్టం వదులైంది, అది చిన్న పనే, బేరానికి పనికొస్తుంది. ఇంజెక్టర్ల మీద అనుమానం ఉంటే రిటర్న్ టెస్ట్ అడగండి. నాలుగు ఇంజెక్టర్ల రిటర్న్ పైపులకు నాలుగు చిన్న సీసాలు తగిలించి ఐదు నిమిషాలు తిప్పితే, ఏ సీసా మిగతావాటికంటే బాగా ఎక్కువ నిండిందో ఆ ఇంజెక్టరు లోపల కారుతోంది. బండి ఖరీదు చూస్తే ఈ పరీక్ష ఖర్చు ఖర్చే కాదు.

చేతిలో మూడు లక్షలుంటే రెండున్నర లక్షల బండే చూడాలి. మిగతా యాభై వేలు మొదటి నెలకు. పాత యజమాని ఏం మార్పించానని చెప్పినా సరే ఇంజిన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్, డీజిల్ ఫిల్టర్, కూలెంట్, బ్రేక్ ఆయిల్ కొత్తవి పడాలి. అక్కడినుంచి మీ లెక్క మొదలవుతుంది. ఆయిల్ పదివేల కి.మీ.కు మార్చమని కంపెనీ పుస్తకం చెప్పినా, మన దుమ్ముకూ ఎండకూ పాత ఇంజిన్‌కు 7,500 కి.మీ. దగ్గరే మార్చడం మంచిది. గ్రేడు మాత్రం పుస్తకంలో ఉన్నదే వేయాలి. ఎండలు ఎక్కువని చిక్కటి ఆయిల్ పోస్తే చల్లటి స్టార్టులో చైన్ టెన్షనర్‌కూ టర్బోకూ ఆయిల్ ఆలస్యంగా అందుతుంది.

మన దిక్కు ఎక్కువ ఇంజిన్లను చంపేది కూలెంట్ డబ్బాలో పోసే బోరు నీళ్లు. నల్గొండ నీళ్లంటే ఫ్లోరైడ్ గుర్తొస్తుంది గానీ రేడియేటర్‌కు అసలు శత్రువు నీళ్లలోని సున్నం, ఉప్పు. బకెట్ అంచున తెల్లగా గడ్డకట్టేది ఏదైతే ఉందో, అదే రేడియేటర్ సన్నటి గొట్టాల్లోనూ కడుతుంది. వేడి బయటికి పోదు. మే నెలలో ఏసీ వేసి చౌటుప్పల్ దగ్గర ట్రాఫిక్‌లో ఆగితే ఇంజిన్ వేడి చూపే ముల్లు పైకి పాకుతుంది. అల్యూమినియం హెడ్డు ఒక్కసారి వంగిందంటే గ్యాస్కెట్, హెడ్డు చదును చేయించడం, మళ్లీ కూర్చోబెట్టడం, అంతా కలిసి బండి ధరలో మంచి వాటా తినేస్తుంది. కొనేటప్పుడే కూలెంట్ మూత చూడండి. తెల్లటి పొర, తుప్పు రంగు నీళ్లు కనిపిస్తే ఆ బండి బోరు నీళ్లు తాగింది.

కడగడం కష్టమేమీ కాదు, ఓపిక కావాలి. ఇంజిన్ పూర్తిగా చల్లారాక కింది గొట్టం విప్పి పాత నీళ్లు వదిలేయాలి. బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్ క్యాన్లు తెచ్చి నింపి, హీటర్ నాబ్ పూర్తిగా వేడి వైపు తిప్పి, ఫ్యాన్ ఒకసారి తిరిగి ఆగేదాకా ఇంజిన్ నడపాలి. చల్లారనిచ్చి మళ్లీ వదలాలి. వదిలిన నీళ్లు తేటగా వచ్చేదాకా ఇదే పని. ఈ సైజు బండ్లలో అయిదు నుంచి ఏడు లీటర్లు పడుతుంది కాబట్టి సరిపడా క్యాన్లు దగ్గరుంచుకోండి. చివర్లో పుస్తకంలో చెప్పిన రకం కూలెంట్ గాఢద్రవం సగం, డిస్టిల్డ్ వాటర్ సగం. ముందే కలిపి అమ్మేదైతే నీళ్లు కలపొద్దు. మర్నాడు పొద్దున మట్టం తగ్గి ఉంటుంది, లోపలి గాలి బయటికి వచ్చినందుకు. గీత దాకా పోసి వారం చూడండి. ఆ తర్వాత కూడా తగ్గుతుంటే లీకు వెతకాలి, పోస్తూ పోవద్దు. వేడి మీద మూత విప్పితే ముఖం కాలుతుందని వేరే చెప్పక్కర్లేదు.

డీజిల్ విషయంలో ఒకటే మాట: ట్రాక్టర్ కోసం డ్రమ్ములో ఉంచిన డీజిల్ కారులో పోయొద్దు. ఈ బండ్లలోని కామన్ రైల్ (అన్ని సిలిండర్లకూ ఒకే గొట్టంలోంచి డీజిల్ అందే పద్ధతి) ఇంజెక్టర్లు 1,600 బార్ దాకా ఒత్తిడిలో పనిచేస్తాయి. పంపును తడిగా ఉంచేది డీజిలే. అందులో నీళ్లుంటే ఆ లోహం గీసుకుపోతుంది. ఫిల్టర్ కింద స్క్రూ ఉన్న బండికి వానాకాలంలో దాన్ని కొద్దిగా వదిలి, అడుగున చేరిన నీళ్లు గ్లాసులోకి పట్టి చూడండి. ఫిల్టర్ మార్చాక డీజిల్ లైను మీది చేతి పంపును గట్టిపడేదాకా నొక్కి గాలి తీసిన తర్వాతే సెల్ఫ్ కొట్టాలి. ట్యాంకు ఖాళీ అయ్యేదాకా నడపడం కూడా ఇదే దెబ్బ.

మసి సంగతి: వారానికోసారి ఇంజిన్ బాగా వేడెక్కాక 44వ జాతీయ రహదారి మీదో, అద్దంకి రోడ్డు మీదో ఇరవై నిమిషాలు 2500 ఆర్పీఎం పైన నడపండి. ఈజీఆర్‌ను రేకు పెట్టి మూయించమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. చాలా బండ్లలో చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంది, పొగ నిబంధనలకూ విరుద్ధం. విప్పి శుభ్రం చేయించి కొత్త గ్యాస్కెట్ వేయిస్తే సరిపోయే పనికి అంత దూరం ఎందుకు? హైవే మీద గట్టిగా తోలి వచ్చి ఆపాక అర నిమిషం, నిమిషం ఐడిల్‌లో ఉంచితే టర్బో బేరింగులో ఆయిల్ మాడదు.

కోతల కాలంలో రోడ్డు మీద వడ్లు ఆరబోస్తారు. పక్కనున్న గడ్డి తొక్కుతూ పోతే సైలెన్సర్ చుట్టూ ఇరుక్కుంటుంది, అక్కడ వేడికి అంటుకోవచ్చు. ఇంటికి రాగానే కిందికి వంగి ఒకసారి చూసుకోండి. పొట్టు, పత్తి పింజ ఏసీ కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య చేరతాయి. వాటిని లోపలి నుంచి బయటికి సన్నటి ధారతో కడగాలి. వాటర్ వాష్ తుపాకీ దగ్గర పెట్టి కొడితే సన్నటి రేకులు పడుకుంటాయి, గాలి ఆడదు. పొలం పక్కన రాత్రి నిలిపే బండికి ఎలుకల బెడద కూడా ఉంది, వైర్లు కొరికితే సెన్సర్లు ఒక్కొక్కటే మొరాయిస్తాయి.

కింది భాగంలో లింక్ రాడ్లు, లోయర్ ఆర్మ్ బుష్‌లు అరిగేవే, స్పీడ్ బ్రేకర్ మీద టకటకమంటే మార్పించుకోవడమే. శ్రీశైలం ఘాట్ దిగేటప్పుడు బ్రేకు మీదే కాలు ఉంచకుండా రెండో, మూడో గేరులో దిగండి.

కాగితాల దగ్గర ఆర్‌సీలోని ఇంజిన్, ఛాసిస్ నంబర్లు బండి మీదివాటితో కలవాలి. బండి మీ పేరుకు మార్చే ఫారం 29, 30 మీద సంతకాలు, లోన్ ఉండి తీరినదైతే ఆర్‌సీలో బ్యాంకు పేరు తీయించే ఫారం 35తో పాటు బ్యాంకు లెటరు, పెండింగ్ చలాన్లు కట్టిన రసీదు తీసుకోండి. పదిహేనేళ్లు దగ్గరపడిన బండికి ఫారం 25తో రెన్యువల్, ఫిట్‌నెస్ పరీక్ష, గ్రీన్ ట్యాక్స్ వస్తాయి, పాసైతే మరో అయిదేళ్లు. కాబట్టి పధ్నాలుగో ఏట ఉన్న బండిని అమ్మేవాళ్లే రెన్యువల్ చేయించి ఇస్తారా, ధర తగ్గిస్తారా అన్నది అడ్వాన్స్ ఇవ్వకముందే తేల్చుకోవాలి.