18-55 తర్వాత ఏ జూమ్ లెన్సు?

"ఇది ఎన్ని ఎక్స్ జూమ్ అండీ?" అనే ప్రశ్న డీఎస్‌ఎల్‌ఆర్ (లెన్సు మార్చుకునే కెమెరా) లెన్సుల దగ్గర పెద్దగా పనికిరాదు. లెన్సు పేరులోని అంకెలు మిల్లీమీటర్లలో ఫోకల్ లెంగ్త్: చిన్నదైతే వెడల్పుగా, పెద్దదైతే దగ్గరగా కనిపిస్తుంది. కెమెరాతో పాటు వచ్చే 18-55 కిట్ లెన్సు 3ఎక్స్, 70-200 కూడా దాదాపు 3ఎక్సే. మొదటిదానితో పెళ్లి మండపం మొత్తం ఫ్రేములోకి వస్తుంది. రెండోదానితో హాలు మధ్యలో నిలబడి పీటల మీదున్న పెళ్లికూతురి ముఖం తీయొచ్చు. ఎక్స్ అంటే పెద్ద అంకెను చిన్న అంకెతో భాగిస్తే వచ్చేది, అంతే.

కొనే ముందు చేయాల్సిన పని మీ కంప్యూటర్‌లోనే ఉంది. కిట్ లెన్సుతో తీసిన ఓ మూడు నాలుగు వందల ఫొటోలు తెరిచి, ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్ కింద ఫోకల్ లెంగ్త్ చూడండి. సగానికి సగం 55 దగ్గరే ఆగి ఉంటే మీకు కావాల్సింది దూరంవి దగ్గరగా చూపే టెలీ జూమ్. 18 దగ్గరే ఉంటే 10-18 లాంటి, ఇంకా వెడల్పుగా చూపే వైడ్ జూమ్. అలా కాక, మధ్యలో ఎక్కడ తీసినా ఫంక్షన్ హాల్ ఫొటోలు మసకగా, చుక్కలు చుక్కలుగా వస్తుంటే లోటు జూమ్‌ది కాదు, వెలుతురుది.

ఈ మూడోదే చాలామంది పట్టించుకోరు. కిట్ లెన్సు 18 దగ్గర ఎఫ్ 3.5 వరకు తెరుచుకుంటుంది, 55కి తిప్పేసరికి ఎఫ్ 5.6కి పడిపోతుంది (ఎఫ్ అంకె చిన్నదైతే రంధ్రం పెద్దది). అంటే లోపలికొచ్చే వెలుతురు సగం కంటే తగ్గిపోతుంది. మాన్యువల్ మోడ్‌లో ఐఎస్ఓను (వెలుతురుకు కెమెరా సున్నితత్వం) ఒకే అంకె దగ్గర కట్టేసి పెట్టుకుని జూమ్ చేస్తే ఫొటో నల్లబడేది ఇందుకే. సిగ్మా, టామ్రాన్ చేసిన 17-50 ఎఫ్ 2.8 లెన్సులు రెండు చివర్లా 2.8 దగ్గరే నిలుస్తాయి. 5.6తో పోలిస్తే నాలుగు రెట్ల వెలుతురు. ఐఎస్ఓ 6400 పెట్టాల్సిన చోట 1600తో సరిపోతుంది. "స్టెబిలైజేషన్ ఉందిగా, 2.8 ఎందుకు?" అంటారేమో. స్టెబిలైజేషన్ ఆపేది మీ చేతి వణుకును మాత్రమే. సెకనులో 25వ వంతు దగ్గర మండపం స్తంభాలు స్పష్టంగా వస్తాయి, అక్షింతలు వేసే చేతులు మాత్రం చెదిరిపోతాయి.

టెలీ జూమ్ దగ్గర అసలు తికమక పేర్లతో. నికాన్‌లో 70-300 అనే అంకెతోనే చాలా లెన్సులున్నాయి. పాత ఏఎఫ్ 70-300 జీ లెన్సులో ఫోకస్ మోటారు లేదు. డీ3000, డీ5000 వరుస బాడీల్లోనూ (బాడీ అంటే లెన్సు లేని కెమెరా) ఫోకస్ మోటారు ఉండదు కాబట్టి ఈ రెండూ కలిస్తే ఆటోఫోకస్ లేనట్టే. ఏఎఫ్-పీ 70-300లో మోటారు ఉంది, వేగంగానూ పనిచేస్తుంది, కానీ డీ3100, డీ3200, డీ5100, డీ90 లాంటి పాత బాడీల మీద ఫోకస్ చేయదు. డీ3300, డీ5300 అయితే ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేసుకోవాలి. పైగా ఏఎఫ్-పీలోనే వీఆర్ (స్టెబిలైజేషన్‌కు నికాన్ పెట్టిన పేరు) ఉన్నదీ లేనిదీ రెండు రకాలున్నాయి. పెట్టె మీద వీఆర్ అన్న రెండక్షరాలు లేకపోతే తిరిగిచ్చేయండి. కెనాన్‌లో అలాంటి ఉచ్చు 75-300. చవకగా దొరుకుతుంది, స్టెబిలైజేషన్ ఉండదు, 300 దగ్గర ఫొటో పదును లేకుండా వస్తుంది. దాని బదులు 55-250 ఐఎస్ ఎస్‌టీఎం కొనడం మేలు (ఐఎస్ అంటే కెనాన్ స్టెబిలైజేషన్). 50 ఎంఎం తగ్గినా చేతికొచ్చే ఫొటో బాగుంటుంది, బరువు కూడా 400 గ్రాముల లోపే.

స్టెబిలైజేషన్ లేకుండా చేత్తో పట్టుకుని తీయాలంటే లెక్క ఇది: ఫోకల్ లెంగ్త్‌ను కెనాన్ క్రాప్ బాడీలో (చిన్న సెన్సార్ ఉన్న కెమెరా) 1.6తో, నికాన్‌లో 1.5తో హెచ్చించండి. 250కి 400 వచ్చింది, కాబట్టి షట్టర్ సెకనులో 400వ వంతు కంటే నెమ్మదిగా ఉండకూడదు.

పక్షులకు ఎంత జూమ్ కావాలన్నది పక్షిని బట్టి కాదు, చోటును బట్టి ఉంటుంది. గుంటూరు దగ్గర ఉప్పలపాడులో ఊరి చెరువులోని చెట్ల మీదే గూడబాతులు, కొంగలు గూళ్లు కడతాయి, 250 చాలు. పులికాట్‌లో రాజహంసలు నీళ్లలో చాలా దూరంగా మేస్తాయి, 300 చాలదు. అక్కడికి 150-600 కావాలి, అది దాదాపు రెండు కిలోలు, మోనోపాడ్ (ఒంటికాలి స్టాండు) లేకపోతే భుజం ఊడుతుంది. అదీ ఎండెక్కితే నీటి మీది వేడిగాలికి ఫొటో అలలు అలలుగా వస్తుంది. అది లెన్సు తప్పు కాదు, పొద్దున్నే వెళ్లండి.

18-300 లాంటి "అన్నీ ఒక్కదాంట్లో" లెన్సు ప్రయాణాలకు సుఖమే. కాకపోతే 18 దగ్గర గోడలు వంగుతాయి, 300 దగ్గర పదును తగ్గుతుంది. లెన్సు మార్చే బద్ధకానికి కట్టే సుంకం అనుకోండి.

సెకండ్‌హ్యాండ్‌లో కొంటే ఫోన్ టార్చి ఒక వైపు నుంచి వేసి, ఇంకో వైపు నుంచి ఏటవాలుగా చూడండి. నికాన్ జీ లెన్సుల్లో మౌంట్ (కెమెరాకు తగిలించే చివర) దగ్గరి చిన్న లీవర్‌ను వేలితో జరిపితే వెలుతురు రంధ్రం బ్లేడ్లు తెరుచుకుంటాయి. సాలెగూడు లాంటి పోగులు కనిపిస్తే ఫంగస్, వదిలేయండి. కోస్తా తేమలో ఇది మామూలే. ఒకటీ అరా దుమ్ము రేణువులుంటే ఫరవాలేదు. తర్వాత లెన్సును కిందికి వంచి పట్టుకోండి. గొట్టం దానంతటదే జారుతుంటే రింగు వదులైందని. ఫొటోకు నష్టం లేదు గానీ, బేరానికి పనికొస్తుంది.